కొత్త నిమ్మకాయలు, పాత బ్రేకులు

నాన్నా,

నువ్వు తోలే లారీ ఒక సైకిలాయన్ని గుద్ది, చెట్టుకి కొట్టుకుని, ఆయనా నువ్వూ చనిపోయిన కేసులో సోమవారం నందిగామ కోర్టులో నేను సాక్ష్యం చెప్పాలి. అందుకే రాస్తున్నాను.

నిన్న లారీ ఓనరు మనింటికి వచ్చాడు.

"మీ నాన్న తాగి నడిపాడని చెప్పమ్మా. చదువుకున్నదానివి, ఉద్యోగం ఇప్పిస్తా."

నువ్వు చుక్క ముట్టవని ఆయనకూ తెలుసు.

"ప్రతి అమావాస్యకీ బంపరుకి కొత్త నిమ్మకాయలు కట్టించారు గదండీ, బ్రేకులెందుకు బాగుచేయించలేదు?" అన్నాను.

"ఆడపిల్లకి చదువు చెప్పిస్తే ఇంతే," అని లేచి వెళ్ళిపోయాడు.

బ్రేకులు సరిగా పడటం లేదని నువ్వు అమ్మతో చెప్పడం విన్నాను. కోర్టులో అదే చెబుతాను. అక్కడికి సైకిలాయన భార్య కూడా వస్తుంది. "తెలిసీ ఎందుకు తోలాడమ్మా?" అని అడిగితే ఆమెకేం చెప్పను?

ఆ నిమ్మకాయలకి దణ్ణం పెట్టి ఎందుకెక్కావు నాన్నా? ఆదివారంలోగా జవాబు రాయి.