పుర్రచేతివాళ్ల వరుసలో నీ చోటు

తమ్ముడికి,

అక్క దీవెనలు. ఇక్కడ అందరం క్షేమం అని రాయకపోతే ఉత్తరం మొదలుకాదు కాబట్టి రాస్తున్నాను. నాన్న బాగానే తింటున్నాడు, మీ బావ బాగానే నిద్రపోతున్నాడు. నా సంగతి చివర్లో చెబుతాను. క్యాంపులో మీ అందరి ఫోన్లూ లాక్కుని బీరువాలో పెట్టిన మీ కోచ్ చల్లగా ఉండాలి. ఆయన పుణ్యమా అని నా చేతిరాత ఇంకా బతికుంది.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. అన్ని కాలాలూ కలిపి చూస్తే పుర్రచేతి బాక్సర్లలో ఎవరు గొప్పో నాన్నని మళ్లీ అడగమన్నావు. అడిగాను. ఎడమ చెవి వైపు కూర్చుని మరీ అడిగాను. బాక్సింగ్ హాల్లో అన్నేళ్లు రౌండ్ల గంట పక్కనే కూర్చుని కొట్టీ కొట్టీ కుడి చెవి పోగొట్టుకున్నాడు కదా, ఇష్టంలేని మాట వస్తే ఆ చెవే తిప్పుతాడు. ఈ మాటకి మాత్రం మంచం మీద లేచి కూర్చున్నాడు.

మొదటి చోటు ఇప్పటికీ తాపీమేస్త్రిదే. ఆ రోజుల్లో గ్లవ్స్‌లో దూది పలచన, రౌండ్లు ఎక్కువ. మేస్త్రి ఎడమ చెయ్యి వస్తోందని అవతలివాడికి తెలిసేదట, తెలిసీ తప్పుకోలేకపోయేవాడట. రెండు, రేవు కూలీ. మూడు, అద్దాలాయన. నాలుగో చోటు మొన్నమొన్ననే ఆట మానేసిన లాండ్రీ పిల్లకి ఇచ్చాడు. అక్కడ మీ బావ అడ్డం తిరిగాడు. ఇప్పటివాళ్ల తిండి వేరు, కసరత్తు వేరు, ఆ పిల్లని ఆ కాలంలోకి తీసుకెళ్తే తాపీమేస్త్రి ముందు నిలుస్తుందా అన్నాడు. మేస్త్రిని ఈ కాలంలోకి లాక్కొస్తే ఆ పిల్ల ముందు నిలుస్తాడా, అదీ అడగవేం అన్నాడు నాన్న. ఏ కాలం వాళ్లకైనా నాన్నది ఒకటే కొలత, వస్తోందని తెలిసి కూడా తగిలిన దెబ్బే దెబ్బ. ఫ్యూజులు వేసుకునే మీ బావకి ఇందులో అంత పట్టుదల ఏమిటో నాకు తెలియదు కానీ, ఇద్దరి గొడవలో అన్నం చల్లారిపోయింది.

నీ చోటు ఎక్కడని అడిగావు. ప్రతి ఉత్తరంలోనూ అడుగుతావు. నాన్న మాట మారలేదు. "ఆట ఆపినవాళ్లకే వరుస. రింగులో ఉన్నవాడికి చోటు చెబితే, అక్కణ్ణుంచి పైకి పోవాలని చస్తాడు, లేదా కింద పడకూడదని చస్తాడు" అన్నాడు. ఈ ఒక్క ఆట గెలిస్తే ఆయనే నోరు విప్పి చెబుతాడని రాశావు చూడు, ఆ వాక్యం నాలుగుసార్లు చదివాను.

ఇంకో ప్రశ్న అడిగావు. చూపు అంతంతమాత్రమైన అద్దాలాయన అన్ని ఆటలు ఎలా గెలిచాడో కనుక్కోమన్నావు. నాన్న సరదాగానే చెప్పాడు. అద్దాలు తీసి రింగెక్కితే రెండు కళ్లకీ ఒకటే మసక, ఆ మసకలోనే దూరం కొలవడం నేర్చుకున్నాడట. నాన్న చెప్పి ఊరుకున్నాడు. వీడికి ఈ సంగతి ఎందుకు కావలసొచ్చిందని నాకు మాత్రం కంట్లో నలుసు పడ్డట్టయింది.

ఆ తరవాత నీ గ్లవ్స్ వచ్చాయి. కుడి గ్లవ్‌కి బొటనవేలి దగ్గర కుట్టు ఊడింది, అదొక్కటీ వేసి పంపు అన్నావు. అలాంటప్పుడు కుడిది ఒక్కటే పంపాల్సింది. జతని విడదీయకూడదని చిన్నప్పుడు నేనే నేర్పాను కాబట్టి బుద్ధిగా రెండూ కట్టి పంపావు. అక్కడే దొరికిపోయావు.

హాలు వాళ్ల చిరిగిన గ్లవ్స్ అన్నీ నా బల్ల మీదికే కదా వచ్చేది. పుర్రచేతివాడి ఎడమ గ్లవ్ పిడికిలి దగ్గర అరుగుతుంది. నీది మరీనూ, ఎన్నిసార్లు అక్కడ తోలు మార్చానో. ఈసారి పిడికిలి దగ్గర తోలు కొత్తదానిలా మెరుస్తోంది. చేతి వెనక వైపు మాత్రం చిట్లిపోయి దూది బయటికి వచ్చింది. ఆ చేతితో కొట్టడం మానేశావు తమ్ముడూ. ఎడమ కంటికి అడ్డం పెట్టుకుని తిరుగుతున్నావు. అటు నుంచి వచ్చేది నీకు కనిపించడం లేదు. ఎడమ కన్ను మూసుకుని దబ్బనంలో దారం ఎక్కించబోయాను. వేలికి గుచ్చుకుంది కానీ దారం ఎక్కలేదు.

కన్ను పోయేంత కాటుక ఎందుకురా? నాన్న నోటి నుంచి ఒక అంకె వినడానికా?

గ్లవ్స్ ముక్కలుముక్కలుగా కోసేద్దామనుకున్నాను. ఇంకో జత తెచ్చుకుంటావు. కాళ్లావేళ్లా పడి బతిమాలుతూ రాద్దామనుకున్నాను. చదివి, మడిచి, పరుపు కింద పెట్టుకుని రింగెక్కుతావు. నీ సంగతి నాకు తెలియదా? అందుకే నీతో చెప్పకుండా ఒక పని చేశాను. ఆట ముందు మిమ్మల్ని పరీక్ష చేసే డాక్టరమ్మకి ఫోన్ చేసి అంతా చెప్పాను. వాడు అక్షరాల పట్టికంతా బట్టీ పట్టి ఉంటాడు, ఎక్కాలు ఇలాగే అప్పజెప్పేవాడు, కుడి కన్ను మీరే మీ చేత్తో మూసి చూడండి అన్నాను. మొదట ఆవిడ నమ్మలేదు. గ్లవ్ సంగతి చెప్పాక నీ పేరు రాసుకుంది. నేను చెప్పిందే నిజమైతే ఇప్పుడు ఆపరేషన్ చేస్తే కన్ను నిలబడవచ్చు, ఇంకొక్క దెబ్బ తగిలితే మాత్రం చెప్పలేమంది. ఈ ఉత్తరం అందేసరికి నిన్ను పిలిచి ఉంటారు. పిలిపించింది నేనే.

నాన్నకి చెప్పకుండా ఉండలేకపోయాను. రేవు కూలీ చివరి ఆట నీకు తెలుసు కదా. కళ్లు రెండూ వాచి మూసుకుపోయి అతను గాలిని తడుముకుంటుంటే, నాన్న గంట సుత్తి పట్టుకుని గడియారం చూస్తూ కూర్చున్నాడు. వేళకే గంట కొట్టాడు. ఆయన గంట ఏనాడూ వేళ తప్పలేదని హాల్లో ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. రేవు కూలీ ఇప్పుడు నేల మీద కర్ర తట్టుకుంటూ మన వీధిలోంచే వెళ్తాడు. ఆ చప్పుడు వినపడగానే నాన్న కుడి చెవి అటు తిప్పుతాడు.

నీ సంగతి చెబుతున్నప్పుడు కూడా ఆ చెవే తిప్పుతాడనుకున్నాను. తిప్పలేదు. దుప్పటి అంచు నలుపుతూ అన్నాడు.

"ఆ రోజు సుత్తి చేతిలో పెట్టుకుని కూడా నేను ఊరుకున్నానమ్మా. నువ్వు కొట్టేశావు కదూ?"

కొట్టేశాను నాన్నా అన్నాను. ఆయన ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి.

నన్ను తిట్టుకుంటావని తెలుసు. అక్కే నా పొట్ట కొట్టిందని నలుగురిలో చెబుతావు, చెప్పు. ఏళ్ల తరబడి మాట్లాడకుండా ఉంటావేమో, ఉండు. ఎదురుగా వచ్చి, రెండు కళ్లతో నన్ను చూస్తూ తిట్టు, అది చాలు నాకు. నేను క్షేమమా అంటే, ఆ డాక్టరమ్మ నుంచి ఫోన్ వచ్చేదాకా చెప్పలేను. ఫోన్ మోగితే భయం, మోగకపోతే భయం.

కుడి గ్లవ్‌కి కుట్టు వేశాను. ఎడమ దాన్ని ముట్టుకోలేదు, అలాగే ఉంచాను. ఇక వాడి ఆట ఆగినట్టే కదా, ఇప్పుడైనా చోటు చెప్పు అని నాన్నని పట్టుకున్నాను. నాకు కాదట, నీ మొహం చూసి నీకే చెబుతాడట. ఎడమ చెవి వైపు నీకోసం కుర్చీ వేసి ఉంచమన్నాడు.

వేశాను. గంట కొట్టేశాను తమ్ముడూ, వచ్చి కూర్చో.

ఇట్లు,
నువ్వు తిట్టినా నీ వైపే ఉండే
నీ అక్క