మంచు మీద మోపిన నేరం

వెర్లిన్, రాత్రి భోజనానికి హాట్‌డిష్ ఓవెన్‌లో ఉంది. ఆ కుడిచేత్తో దించబోకు, నేను వచ్చి దించుతాను. కుక్కకు తిండి పెట్టేశాను, అది ఎంత బతిమాలినా మళ్లీ పెట్టకు.

మన టీకా కేసు లాయరమ్మ ఫోన్ చేసింది. భుజం నొప్పి మంచు ఎత్తిపోస్తుంటే వచ్చిందని డాక్టరుకు చెప్పావట. నిరుడు నువ్వు పార ముట్టుకున్నదెప్పుడు? చర్చిలో ఫ్లూ టీకా వేయించుకున్న రాత్రి నుంచీ నీకు చొక్కా తొడుగుతున్నది నేను కాదా? డాక్టరుకు అలా చెప్పానని, నేను లాయరును పెట్టుకున్న రోజైనా నాకు చెప్పలేదు.

ఎందుకో తెలుసులే. టీకా పొడిచింది మన చర్చి నర్సు మార్లిస్. భుజం మీద మరీ పైకి పొడిచిందని ఎవరైనా అంటే ఆవిడ నొచ్చుకుంటుందని నీ బెంగ. అయ్యా, మనం నష్టపరిహారం అడిగేది మార్లిస్‌ని కాదు, ప్రభుత్వాన్ని. టీకాల వల్ల దెబ్బతిన్నవాళ్ల కోసమే ఆ నిధి ఉంది. ఆవిడ పర్సులోంచి ఒక్క సెంటు కూడా పోదు. ఇప్పుడు నీ మాటే మన కేసుకు అడ్డం పడింది. టీకా వేసిన ఒకటి రెండు రోజుల్లోనే నొప్పి మొదలైతేనే పరిహారమట, అది చెప్పడానికి పెళ్లాం సాక్ష్యం ఒక్కటే చాలదట.

అందుకే సిగ్గు విడిచి మార్లిస్‌కే ఫోన్ చేశాను. ఈ చీటీ పెట్టి ఆవిడ ఇంటికే వెళ్తున్నాను.

మరిచాను, ఆవిడ ఏమందో విను. "టీకా వేసిన మర్నాడు, ఆదివారం ప్రార్థనయ్యాక వెర్లిన్ ఎడమచేత్తో కాఫీ పోసుకుంటుంటే చూశాను, కారిన్. నా వల్లేనని అప్పుడే అర్థమైంది. అడిగితే నొచ్చుకుంటాడని ఊరుకున్నా. ఎక్కడికి రమ్మంటే అక్కడికొచ్చి చెప్తాను."

మీ ఇద్దరి మర్యాదలూ బాగానే ఉన్నాయి. చలికాలమంతా మంచు ఎత్తింది మాత్రం నేను.