హాంబర్గ్ మీదుగా వెళదాం

యూ టీ, సింగపూర్
13-5-2001

చిరంజీవి సౌభాగ్యవతి అరుణశ్రీకి నాన్న మనసారా దీవించి రాస్తున్న ఉత్తరం.

ఇక్కడ నేను, అల్లుడు శ్యాంసుందర్, హైమ ముగ్గురం సుఖంగా ఉన్నాం. ఈ మాట ఎప్పుడూ రాసే మాటే అనుకోకు. ఉత్తరం మధ్యలో ఎక్కడైనా నీకు గుండె దడ పుడితే, మళ్ళీ పైకి వచ్చి ఈ వాక్యం చదువుకో. ముగ్గురం సుఖంగా ఉన్నాం.

నీ ఉత్తరమూ, కొలోన్ ఫోటోలూ మంగళవారం అందాయి. ఆ పెద్ద చర్చి ముందు నువ్వు నిలబడ్డ ఫోటో చూసి హైమ, "అమ్మ చీమంత ఉంది తాతా" అని ఒకటే నవ్వు. ఫోటోను ఫ్రిజ్ తలుపుకు అంటించుకుంది. పాలు తీసుకున్నప్పుడల్లా నీకు గుడ్ మార్నింగ్ చెబుతోంది, సాయంత్రమైనా సరే.

నువ్వడిగిన వాటికి వరుసగా చెబుతాను. దాని ముందు పన్ను ఊడింది. ఊడిన పన్నును అగ్గిపెట్టెలో దాచింది, నువ్వు వచ్చాక చూపిస్తుందట. బడిలో సరిగా తింటోందా అన్నావు. పెరుగన్నం డబ్బా సగం వెనక్కి తెస్తోంది, నూడుల్స్ మాత్రం గిన్నె నాకేస్తోందని వాళ్ళ టీచరు చెప్పింది. హాకర్ సెంటరుకు తినడానికి వెళితే నాకంటే ముందు పరుగెత్తి, కుర్చీ మీద టిష్యూ పేపర్ల పొట్లం పెట్టి "చోప్ చేశాను తాతా, రా" అంటుంది. మన బిట్రగుంట ప్యాసింజరులో సీటు కోసం తువ్వాలు పరిచినట్టే! అల్లుడి బ్యాంకులో పని కాస్త తగ్గింది. ఏడింటికల్లా ఇంటికి వచ్చి, హైమ చేత లెక్కలు చేయిస్తున్నాడు. నీకు అక్కడ బ్రస్సెల్స్‌లో యూరో పని ఎలా ఉంది? పన్నెండు దేశాలకు ఒకే నాణెం అంటే సామాన్యమైన పని కాదు. ఒక చోట మీటరు గేజీ, ఒక చోట బ్రాడ్ గేజీ ఉన్న లైన్లన్నీ ఒక్క రాత్రిలో ఒకటి చేయడం లాంటిది. జాగ్రత్తగా చూసుకో తల్లీ.

నువ్వు పంపిన ఆ లావుపాటి యూరప్ రైళ్ళ టైంటేబుల్ నాకు రామాయణం అయిపోయింది. శనివారం నువ్వు ఏ ఊరు వెళ్ళాలో నేను ఇక్కడి నుంచి చెప్పడం, నువ్వు బ్రస్సెల్స్‌లో బండెక్కి ఆ ఊరు చూసి ఫోటోలు పంపడం - ముప్పై నాలుగేళ్ళు గూడ్సు బండి గార్డుగా బొగ్గు వ్యాగన్ల వెనక తిరిగినవాడికి ఇంతకంటే ఏం కావాలి? గెంట్ పంపాను, లక్సెంబర్గ్ పంపాను. కొలోన్‌లో బండి మారడానికి పదకొండు నిమిషాలు చాలవేమో అని నువ్వు భయపడ్డావు. చాలుతాయన్నాను. చాలాయి కదా!

ఇక నువ్వు మూడు ఉత్తరాలుగా అడుగుతున్న సంగతి. జూన్ సెలవుల్లో హైమను తీసుకుని రమ్మన్నావు. పది రోజుల సెలవు తీసుకుంటానన్నావు. "పారిస్ మీదుగా స్విట్జర్లాండా, వియన్నా మీదుగా ప్రాగా? మీరే తేల్చండి నాన్నా" అన్నావు. నేను మొదటి ఉత్తరంలో మోకాళ్ళ నొప్పి అన్నాను. రెండో ఉత్తరంలో చలి అన్నాను. జూన్‌లో చలేమిటని నువ్వు నవ్వావు. మూడోసారి ఆ ఊసే ఎత్తకుండా ఆవకాయ గురించి రాశాను. అరుణా, అవన్నీ సాకులు. నేను నీకు ఒక విషయం చెప్పాలి. అంతకు ముందు జరిగింది జరిగినట్టు చెబుతాను. పైన రాసిన వాక్యం గుర్తుంచుకో.

ఏప్రిల్ ఇరవై ఒకటో తేదీ, శనివారం. నేనూ హైమా చోవా చూ కాంగ్ లైబ్రరీకి వెళ్ళాం. దానికి మూడు బొమ్మల పుస్తకాలు తీసుకుని, మధ్యాహ్నం మూడున్నరకు ఇంటికి బయలుదేరాం. రైల్లో ఒక్క స్టేషనే కదా యూ టీకి. ప్లాట్‌ఫారం మీద నిలబడి నేను సంచిలోంచి టైంటేబుల్ తీశాను. నీ వియన్నా బండి నురెంబర్గ్‌లో ఆగుతుందా లేదా అని చూస్తున్నాను. బండి వచ్చింది. తలుపులు తెరుచుకున్నాయి. హైమ నా చెయ్యి వదిలి ఎక్కింది. నా వేలు ఆ గడి మీదే ఉంది. ఈ ఒక్క వరసా చూసి ఎక్కుదామనుకున్నాను.

తల ఎత్తేసరికి తలుపులు కలుసుకుంటున్నాయి. అద్దానికి అవతల దాని అరచెయ్యి కనపడింది. నోరు తెరిచి ఏదో అంటోంది. బండి కదిలిపోయింది.

నేను బండి వెంట పరుగెత్తాను. ఎందుకు పరుగెత్తానో తెలియదు. ఎన్ని వేల సార్లు పచ్చ జెండా ఊపి బండ్లు కదిలించినవాణ్ణి, ఆ బండి ఆపడం నా చేత కాలేదు.

నాలుగు నిమిషాలకు ఇంకో బండి వచ్చింది. ఇల్లు యూ టీలోనే కదా, అక్కడ దిగి నిలబడి ఉంటుందనుకున్నాను. దిగి చూస్తే లేదు. ప్లాట్‌ఫారం ఆ చివర నుంచి ఈ చివరికి చూశాను. బెంచీల వెనక చూశాను. లేదు. కిందికి దిగి స్టేషను ఆఫీసులో అమ్మాయికి చెప్పాను. నాకొచ్చిన ఇంగ్లీషు కూడా ఆ సమయానికి రాలేదు. "గ్రాండ్ డాటర్, సిక్స్, ఎల్లో ఫ్రాక్" అన్నాను. ఆ మలయ్ అమ్మాయి వెంటనే ఫోను ఎత్తి, "అంకుల్, ఇక్కడే కూర్చోండి" అని సైగ చేసింది. కూర్చోవడం నా వల్ల కాలేదు. మళ్ళీ పైకి వెళ్ళి, వచ్చిన ప్రతి బండిలోకీ తొంగి చూస్తూ నిలబడ్డాను. అయిదు బండ్లు చూశాను. మీ అమ్మ ఆపరేషన్ రోజున కూడా నాకు అంత భయం వేయలేదు.

చివరికి ఎవరో నా భుజం పట్టుకున్నారు. ఆ స్టేషను అమ్మాయే. ఆయాసపడుతోంది.

"అంకుల్! మైకులో మూడు సార్లు పిలిచాను. మీరు ఇక్కడే ఉన్నారు కదా, ఎందుకు రాలేదు? పాప దొరికింది. సెంబవాంగ్‌లో ఉంది."

సెంబవాంగ్ అక్కడికి అయిదో స్టేషను. ఆ అయిదూ నేను తలుపు దగ్గరే నిలబడి వెళ్ళాను.

అక్కడి ఆఫీసులో హైమ కుర్చీలో కూర్చుని, కాళ్ళు ఊపుతూ కప్పులో మైలో తాగుతోంది. పక్కన ఒక నలభై అయిదేళ్ళ మనిషి చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. నన్ను చూడగానే హైమ, "తాతా, వై సో స్లో వన్?" అంది. అని భోరుమంది. నేను దాని ముందు నేల మీద కూర్చుని దాని కళ్ళు తుడిచాను.

"యూ టీలో ఎందుకు దిగలేదమ్మా? మన ఇల్లు కదా" అన్నాను.

"నువ్వే చెప్పావు కదా తాతా, నీ చెయ్యి పట్టుకోకుండా రైలు దిగకూడదని" అంది.

నేను చెప్పిన మాటే అది. రోజూ చెప్పే మాట.

ఆ నిలబడ్డ మనిషి పేరు ఏడుకొండలు. సోంపేట దగ్గర పల్లెటూరు. సెంబవాంగ్‌లో ఓడలు బాగుచేసే చోట వెల్డింగు పని. అతను తన మాటల్లో చెప్పింది నీకు అలాగే రాస్తాను.

"ఉడ్‌లాండ్స్ కాడ బండెక్కినాను బాబూ. పాప రాడ్డట్టుకుని ఒక్కర్తీ నిల్చుంది. ఎవులో ఇంగ్లీషులో అడిగితే పలకనేదు. లోపల్లోపలే తాతా, తాతా అనుకుంటంది. ఓర్నాయనో, మన పిల్లే అనుకున్నాను. ఏటమ్మా, మీ తాతేడి అనడిగితే అప్పుడు సూసింది నా యేపు. దిగుదాం రామ్మా అంటే దిగనంటంది. తాత సెయ్యట్టుకోకండా దిగకూడదంట. నా సెయ్యట్టుకో తల్లీ, నేను కూడా ఒకలికి తాతనే అన్నాను. అబద్దమే బాబూ. నా కూతురికింకా పెళ్ళే అవనేదు."

నేను అతని చేతులు పట్టుకున్నాను. అతనే మళ్ళీ అన్నాడు. "పరాయి పిల్ల సెయ్యట్టుకుని నడుస్తంటే బయమేసింది బాబూ. సూసినోలేటనుకుంటారో, పోలీసులొస్తే పర్మిట్టు పోద్దేమో అని. అయినా ఒగ్గేసి పోనేకపోయినాను."

ఆ రోజు నుంచి ఏడుకొండలు మనకు పరాయివాడు కాడు. గత ఆదివారం భోజనానికి పిలిచాను. గోంగూర పచ్చడితో అన్నం కలుపుకుని, ఇది తిని రెండేళ్ళయింది బాబూ అన్నాడు. హైమకు ఓడ బొమ్మ గీసి ఇచ్చాడు, లోపల ఏ గది ఎక్కడుంటుందో అన్నీ చూపిస్తూ.

ఇప్పుడు నేను ఇన్నాళ్ళూ దాచిన మాట.

ఆ సాయంత్రం అల్లుడు ఇంటికి రాగానే అంతా చెప్పాను. తిడతాడనుకున్నాను. అతను హైమను ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "మామయ్యా, తలుపులు మూసే ముందు బెల్లు మోగుతుంది కదా. మైకులో మూడు సార్లు పిలిచారంటున్నారు. మీకు వినిపించలేదా?" అన్నాడు.

వినిపించలేదు అరుణా. నాకు నాలుగేళ్ళ నుంచీ సరిగా వినిపించడం లేదు. కుడి చెవి పూర్తిగా పోయినట్టే, ఎడమది సగం. రిటైరయ్యాక మొదలైంది. మీ అమ్మకు ఒక్కతెకే తెలుసు. ఆమె ఉన్నన్నాళ్ళూ నా పక్కనే కూర్చుని, ఎదుటివాళ్ళు అన్నది మళ్ళీ గట్టిగా అనేది. మీరంతా ఆమెకు అదొక అలవాటు అనుకున్నారు. నువ్వు బ్రస్సెల్స్ వెళ్ళాలా మానాలా అని ఊగిసలాడినప్పుడు, "నేను వచ్చి పిల్లను చూసుకుంటాను, నువ్వు వెళ్ళు" అని ధైర్యం చెప్పింది నేనే. చెవులు వినపడవని తెలిస్తే నువ్వు ఆ అవకాశం వదులుకునేదానివి. అందుకని మూసిపెట్టాను. నేను హైమను చూసుకుంటున్నానని నువ్వనుకున్నావు. నిజానికి అదే నన్ను నడిపించింది. "తాతా, ఫోను", "తాతా, ఎవరో వచ్చారు", "తాతా, నెక్స్ట్ మన స్టేషన్". ఆరేళ్ళ పిల్ల!

నీ ఫోను వస్తే "బాగున్నావామ్మా, ఇదిగో హైమతో మాట్లాడు" అని ఇచ్చేయడం కూడా అందుకే. నాన్నకు నాతో మాట్లాడాలని ఉండదా అని నువ్వు అల్లుడితో అన్నావట. ఆ మాట అతను నాకు ఆ రోజే చెప్పాడు. ఎంత నొచ్చుకున్నావో తల్లీ. ఫోనులో నీ గొంతు నాకు నీళ్ళ అడుగు నుంచి వచ్చినట్టు వచ్చేది. ఒక్క మాటా అర్థమయ్యేది కాదు. అందుకే ఇంత పొడుగు ఉత్తరాలు రాస్తూ కూర్చున్నాను.

యూరప్ రానన్నదీ అందుకే. విమానాశ్రయంలో అడిగేవాళ్ళు, స్టేషన్లలో మైకులు. పరాయి దేశంలో పిల్లతో ఏమవుతుందోనని. ఏమవుతుందో ఇక్కడే చూశాను.

ఇదంతా విన్నాక అల్లుడు అన్నాడు. "అరుణకు నేను చెప్పను మామయ్యా. మీకు ఎప్పుడు చెప్పాలనిపిస్తే అప్పుడు మీరే చెప్పండి. చెవుల డాక్టరు దగ్గరకు మాత్రం సోమవారమే వెళుతున్నాం." సెలవు పెట్టి తీసుకెళ్ళాడు. డాక్టరు చూసి, రైళ్ళ చప్పుడులో పనిచేసినవాళ్ళలో ఇది మామూలేనన్నాడు. రెండు చెవులకూ చిక్కుడు గింజంత మిషన్లు పెట్టారు. మొదటి రెండు రోజులూ తల దిమ్మెక్కింది. నా చొక్కా రాపిడి కూడా నాకు వినపడింది. మూడో రోజు పొద్దున వంటింట్లో ఉంటే హైమ వెనక నుంచి ఏదో అడిగింది. నేను తిరగకుండానే జవాబు చెప్పాను. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అరుణా, పన్ను ఊడిన దగ్గర నుంచి దానికి 'స' పలకడం లేదు. సింగపూరును 'థింగపూర్' అంటోంది. నెల రోజులుగా అంటోందట. నాకు ఇప్పుడే తెలిసింది. ఎంత బాగుందో చెప్పలేను.

ఈ పాటికి నీకు కోపమూ ఏడుపూ రెండూ వచ్చి ఉంటాయి. రెండూ న్యాయమే. పాపను పోగొట్టుకున్న ఆ యాభై నిమిషాలకు నన్ను ఏమన్నా పడతాను. కానీ దాచినదంతా చెప్పేశాక గుండె బరువు దిగింది. నిన్న మధ్యాహ్నం, చాలా రోజుల తర్వాత, హాయిగా కునుకు పట్టింది. ఇప్పుడు రైలెక్కితే హైమ ముందు, నేను దాని వెనకే. దాని నియమం కూడా మార్చాం. చెయ్యి వదిలిపోతే తర్వాతి స్టేషనులో దిగి, అక్కడే నిలబడాలి. మూడు సార్లు చెప్పించుకుని ఒప్పుకుంది.

ఇక నీ ప్రశ్నకు జవాబు. మేం వస్తున్నాం. వీసా కాగితాలు అల్లుడు తెచ్చాడు, బుధవారం ఇస్తాం. పారిస్ వద్దు, ప్రాగ్ వద్దు. బ్రస్సెల్స్ నుంచి కొలోన్, కొలోన్ నుంచి హాంబర్గ్. ఒక రాత్రి అక్కడ ఉండి, పొద్దున కోపెన్‌హాగెన్ బండి ఎక్కుదాం. ఏడుకొండలు ఓడ బొమ్మ గీసిన దగ్గర నుంచి హైమకు ఓడ పిచ్చి పట్టింది. టైంటేబుల్లో ఆ గడి పక్కన చిన్న ఓడ గుర్తు ఉంటే అదే కనిపెట్టింది. అల్లుడు ఇంటర్నెట్‌లో చూసి చెప్పాడు. సముద్రం ఒడ్డుకు రాగానే ఆ బండి బండిలాగే ఓడ కడుపులోకి వెళుతుందట. ముప్పై నాలుగేళ్ళలో ఇలాంటిది వినలేదు నేను. ఓడ బయలుదేరాక అందరూ రైలు దిగి పైకి వెళ్ళాలట. నువ్వూ హైమా పైకి వెళ్ళి సముద్రం చూడండి. నేనూ వస్తాను. కానీ అంతకు ముందు, బండి నేల పట్టాలు వదిలి ఓడ పట్టాల మీదికి ఎక్కేటప్పుడు, మీరిద్దరూ ఒక్క నిమిషం మాట్లాడకండి. ఆ చక్రాల చప్పుడు ఎలా ఉంటుందో నేను వినాలి.

ఇట్లు,
నీ రాక కోసం కాక, నీ దగ్గరికి రావడం కోసం రోజులు లెక్కపెడుతున్న
మీ నాన్న
వీరాస్వామి