మూడో పాటలో పేరు

గద్వాల,
2005 అక్టోబరు 8

సౌండు శాస్త్రంలో మహాపండితుడైన అల్లుడు రంజిత్‌కు మామ దీవెనలు.

మీ అత్త పాడిన బతుకమ్మ పాటల సీడీ అందింది. గొంతులూ డప్పులూ అన్నీ కలిపాక స్టీరియో మిక్సు మొత్తం మీద కంప్రెసర్ వేశావట. పెద్ద చప్పుడు అణుగుతుంది, చిన్న చప్పుడు లేస్తుందని ఫోన్‌లో పాఠం చెప్పావు. నిజమే. డప్పు మా మగ్గం కన్నా మెల్లగా ఉంది, మీ అత్త గాజులు డప్పులా మోగుతున్నాయి. నీ చదువుకో దండం.

అసలు ఘనకార్యం మూడో పాటలో చేశావు. పెనిమిటి పేరు చెప్పాల్సిన చోట మీ అత్త ఏటా దాన్ని గొంతులోనే మింగేస్తుంది. నువ్వు దాన్నీ లేపావు. నిన్న బతుకమ్మ దగ్గర మైకులో పెడితే వీధంతా నా పేరు విన్నది.

"ఇజ్జత్ తీసిండు పోరడు! ఇగ బయటికెట్ల పోవాలె?" అని ఆమె తలుపేసుకుంది. ఆఖరి రోజు సద్దుల బతుకమ్మకూ రానంటోంది.

కాబట్టి పండితుడా, కంప్రెసర్ తీసేసి, ఆ పేరు ఎవరికీ వినబడకుండా వేరే సీడీ వెంటనే పంపు. ఈ పాడైనదాన్ని మాత్రం వెనక్కి అడగకు. ముప్పై ఏళ్ల కాపురంలో ఆమె నోట నా పేరు వినడం ఇదే మొదలు.

మీ మామ