ముందు సీటు మధ్యలో డల్సీ

ఒరూరూ
మార్చి 1980

ప్రియమైన చెల్లాయి నోలాకు,

నీ ఉత్తరం అందింది. డల్సీ రెండుసార్లు చదివి వినిపించింది. ఈ మధ్య నా వేళ్ళు బాగా పట్టుకుపోతున్నాయి, అందుకని నేను చెప్తుంటే తనే రాస్తోంది. అన్నయ్య అక్షరాలు ఇంత గుండ్రంగా ఎప్పుడు మారాయని అనుమానపడకు. ఫోన్ చేయొచ్చుగా అంటావు. మా ఊళ్ళో ఫోన్లు కలిపే మేవిస్ ప్రతి మాటా వింటుంది, విన్నది ఆదివారం చర్చి మెట్ల మీద పంచిపెడుతుంది. మనకి ఉత్తరాలే నయం.

ఇక నీ హోల్డెన్ కమొడోర్ పురాణం. మా పాత ఫోర్డ్ ఫాల్కన్ పని అయిపోయిందని నేనూ ఒప్పుకుంటాను. అంతమాత్రాన హోల్డెన్ కొనమంటావా? మన నాన్న జన్మలో ఫోర్డ్ తప్ప ఇంకో కారు ఎక్కలేదు. నువ్వు హోల్డెన్ తప్ప ముట్టని రెగ్‌ని పెళ్ళి చేసుకుని అవతలి పక్షంలో కలిశావు. పాపం నాన్న పెళ్ళి విందులోనే ఆ బాధ దిగమింగుకున్నాడు. ఇప్పుడు నన్ను కూడా లాగకు.

నీ కారు వెనక సీటు చూశాను. ఇద్దరు పిల్లలకి బాగుంటుంది. మా గ్రెయమ్ ఆరడుగులు దాటిన మనిషి, పైగా వాడు కూర్చోడు, పడుకుంటాడు. గాలిమర మీంచి పడ్డ రోజు నుంచి వాడికి మాటా లేదు, నెమ్మదీ లేదు. పోర్ట్ అగస్టాలో ఆ హోమ్‌లో వారమంతా తల గోడకేసి కొట్టుకుంటాడు. చేతులు కట్టేస్తారు, ఇంజెక్షన్లు పొడుస్తారు. ఇంటికి తెచ్చుకుందామంటే వాణ్ణి పట్టి ఆపే బలం మా ఇద్దరికీ లేదు. ఆదివారం మేం వెళ్ళి, కారులో పడుకోబెట్టి, హారక్స్ కనుమ ఎక్కి విల్మింగ్టన్ దాకా తిప్పి తెస్తే దారిలో కాస్సేపు ఊరుకుంటాడు. కొడుకుతో మాకు మిగిలింది ఆ కాస్సేపే.

కాబట్టి ఫాల్కనే కొంటున్నాను. ముందు కూడా విడి కుర్చీలు వద్దు, ఈ తలుపు నుంచి ఆ తలుపు దాకా ఒకటే పొడుగు సీటు కావాలన్నాను. ఆటోమేటిక్, గేరు కర్ర స్టీరింగ్ పక్కన. "ఇప్పుడెవరు అడుగుతున్నారు తాతా ఈ సీటు" అని డీలరు నవ్వాడు. నవ్వితే నవ్వనీ.

నీ అన్నయ్య
హెక్టర్


మూంటా
మే

ప్రియమైన అన్నయ్యకూ, చదివి వినిపిస్తున్న వదినకూ,

కొన్నావన్నమాట. సంతోషం. సోఫాకి చక్రాలు పెట్టి అమ్మితే దాన్ని కారంటారని మీ ఫోర్డ్ వాళ్ళని చూసే నేర్చుకోవాలి. కూర్చున్నంతసేపూ సుఖంగానే ఉంటుంది, కాదనను. మలుపు తిరిగేటప్పుడు కదా అసలు సంగతి. రెగ్ బతికున్నన్నాళ్ళూ నాకు చెప్పిందదే. బండి ఎంత పెద్దదని కాదు నోలా, చెప్పిన మాట వింటుందా లేదా అదీ చూసుకోవాలి అనేవాడు. నా కమొడోర్ వేలితో తిప్పితే తిరుగుతుంది. నీ ఫాల్కన్‌తో ఆ కనుమలో ఎదురుగా గొర్రెల లారీ వస్తే ఏం చేస్తావు? నువ్వేం కుర్రాడివి కాదు అన్నయ్యా. నీకు చోటు పిచ్చి, నాకు ప్రాణభయం.

అన్నట్టు, మొన్న నా స్నేహితురాలు వేరా మిమ్మల్ని విల్మింగ్టన్‌లో కొత్త కారులో చూసిందట. వదిన కిటికీ పక్కన కాకుండా సీటు మధ్యలో, నీకు అతుక్కుని కూర్చుందట. కొత్తగా ప్రేమలో పడ్డ జంటలా ఉన్నారని నాకు ఫోన్ చేసి మరీ చెప్పింది. ఎదురుగా నిలబడి చెయ్యి ఊపితే ఇద్దరూ పలకలేదని దానికి కోపం కూడా వచ్చింది. ఆ పొడుగు సీటు ఇందుకోసమేనని ముందే చెప్పి ఉంటే నేనింత వాదించేదాన్నే కాదు కదా! వదినా, ఈ ముక్క గొంతు తగ్గించకుండా చదువు.

మీ
నోలా


ఒరూరూ
జూన్

ప్రియమైన నోలాకు,

నీ వేళాకోళానికి డల్సీ ఎర్రబడింది. వేరాని క్షమించమను, మేం చూసుకోలేదు.

ఇక నువ్వు నోరు మూసుకునే సంగతి చెప్తాను, విను. కొత్త కారు వచ్చాక గ్రెయమ్ మారిపోయాడు. పాత కారులో విల్మింగ్టన్ చేరకముందే మొదలుపెట్టేవాడు, వెనక్కి తెచ్చేసరికి కిటికీ అద్దానికి నెత్తురు అంటుకుని ఉండేది. ఇప్పుడు ఎక్కిన దగ్గర్నుంచి దిగేదాకా కిక్కురుమనడు. ఒక ఆదివారం నిద్రపోయాడు కూడా. వాడు నిద్రపోవడం మేం చూసి ఎన్నేళ్ళయిందో. ఆ వెనక సీటు మెత్తదనం, ఆ స్ప్రింగులు, కాళ్ళు చాపుకునే ఆ చోటు, ఇంకేం కాదు. డీలరుకి మెచ్చుకుంటూ కబురు పంపాను. ఆ నెమ్మది బుధవారం దాకా ఉంటోందట. అది చూసే హోమ్ నడిపే మేట్రన్ వాణ్ణి ఇంకా అక్కడ ఉంచుతోంది. లేకపోతే అడిలైడ్‌లో పెద్ద ఆసుపత్రికి, తాళాలు వేసే వార్డుకి పంపేస్తానని ఎప్పుడో చెప్పింది. అడిలైడ్ మేం వారం వారం వెళ్ళగలిగే చోటు కాదు. అక్కడికి పంపితే వాడు ఇక మాకు లేనట్టే.

ఎడమ పక్క అద్దం విరిగింది, మడ్‌గార్డు కాస్త సొట్టపడింది. దొడ్డి గేటు ఎవరో సగం మూసి వదిలేశారు. దానికి నువ్వు కారుని తిట్టనక్కర్లేదు.

నీ అన్నయ్య
హెక్టర్


మూంటా
జూలై

అన్నయ్యా,

ప్రియమైన అని రాయడానికి కూడా చెయ్యి రావడం లేదు. ప్రేమ లేక కాదు, భయం వల్ల.

పోయిన ఆదివారం మీకు చెప్పకుండా వచ్చాను. సరదాగా ఆశ్చర్యపరుద్దామని విల్మింగ్టన్ బేకరీలో వేడివేడి పాస్టీలు కట్టించుకుని రోడ్డు పక్కన నిలబడ్డాను. మీ కారు వచ్చింది. ముందుకొచ్చి చేతులు ఊపాను. వదిన నన్ను చూసింది. చూసి మొహం తిప్పేసుకుంది. నువ్వు నా మీదుగా ఎటో చూస్తూ వెళ్ళిపోయావు.

నా కారులో మీ వెనకే బయలుదేరాను. కనుమ దిగుతుంటే మీ ఇద్దరి తలలూ ఒకదాని పక్కన ఒకటి కనిపిస్తున్నాయి. మలుపు మలుపుకీ వదిన చెయ్యి స్టీరింగ్ మీదకి వెళ్తోంది. మొదట నవ్వుకున్నాను. తరవాత ఎదురుగా నిజంగానే గొర్రెల లారీ వచ్చింది. బండిని పక్కకి లాగింది నువ్వు కాదు, వదిన. హారన్ కొడితే నువ్వు ఉలిక్కిపడతావేమోనని అది కూడా కొట్టలేదు. కింద మీరు క్షేమంగా హోమ్ చేరాక, ఆ పాస్టీలు ఒళ్ళో పెట్టుకుని కారులోనే కూర్చుని ఏడ్చాను.

నీకు కళ్ళు కనిపించడం లేదు అన్నయ్యా.

వదినా, ఈ వాక్యం నువ్వే పైకి చదవాలి కాబట్టి నీకూ చెప్తున్నాను. మీ ఇద్దరి సంగతి సరే, ఆ లారీ వాడికి కూడా ఇంటి దగ్గర పెళ్ళాం పిల్లలు ఉంటారు. తాళం చెవి తీసి దాచెయ్యి. ఇకనుంచి ప్రతి ఆదివారం నేను వస్తాను, నేను నడుపుతాను. కాదంటే మీ ఊరి పోలీసు స్టేషన్‌కి నేనే వెళ్తాను. ఆ తర్వాత జన్మలో నా మొహం చూడనన్నా సరే.

నోలా


ఒరూరూ
జూలై

ప్రియమైన చెల్లాయికి,

ఆ వాక్యం దగ్గర డల్సీ ఆగింది. తరవాత పైకి చదివింది.

నిజమే. వేళ్ళు పట్టుకుపోవడం వట్టి సాకు. చూపు మధ్యలో ఏమీ లేదు, ఎవరో బొటనవేలు అడ్డం పెట్టినట్టు ఉంటుంది. అంచులు మాత్రం మిగిలాయి. కొత్త కారు కొనే ముందే ఇలా అయింది. నీ మొహం చూడాలంటే నీ చెవి పక్కకి చూడాలి. అడిలైడ్ డాక్టరు ఇక బాగుపడదన్నాడు, లైసెన్సు ఇచ్చెయ్యమన్నాడు. నేను ఇవ్వలేదు.

డల్సీకి కళ్ళున్నాయి, చేతులున్నాయి. చిన్నప్పుడు వచ్చిన పోలియోతో కాళ్ళలో పట్టు లేదు, బ్రేకు తొక్కలేదు. నాకు కాళ్ళున్నాయి. ఇద్దరం కలిస్తే ఒక డ్రైవరు. తను నా పక్కన కూర్చుని దారి పొడుగునా చెప్తూనే ఉంటుంది. ఎడమకి, ఇంకాస్త, చాలు, నెమ్మది, లారీ వస్తోంది, వెళ్ళిపోయింది. మాట ఆలస్యమైతే చెయ్యి వేస్తుంది. అందుకు కావాలి నాకు ఆ సీటు.

తప్పని తెలియదనుకున్నావా? పోయిన నెల వాగు పొంగి ఒక ఆదివారం వెళ్ళలేకపోయాం. మంగళవారం ఫోన్ వచ్చింది. వాడు చెవి సగం చీల్చుకున్నాడు. మేం వెళ్ళేసరికి మంచానికి నాలుగు వైపులా కట్టేసి ఉన్నాడు, మేట్రన్ చేతిలో అడిలైడ్ కాగితాలు ఉన్నాయి. ఇంకొక్క అవకాశం ఇవ్వమని డల్సీ ఆమె ముందు, ఆ కాళ్ళతో, మోకాళ్ళ మీద కూర్చుంది. ఇద్దరు పట్టుకుని లేపాల్సి వచ్చింది.

పోలీసుల దగ్గరికి వెళ్ళకు, నీ కాళ్ళు పట్టుకుంటాను. నువ్వే నడుపు. తాళం చెవి డల్సీ దగ్గర ఉంది. కానీ మా ఫాల్కన్‌లోనే నడుపు నోలా. వాడి నెమ్మదంతా ఆ సీటులో ఉంది. ఈ ఒక్కసారికి హోల్డెన్ గొప్పలు కట్టిపెట్టు.

నీ అన్నయ్య
హెక్టర్


మూంటా
ఆగస్టు

ప్రియమైన అన్నయ్యకూ వదినకూ,

నన్ను తిట్టండి. ఆ పెద్ద బండిని కనుమలో తిప్పలేనేమోనన్న భయంతో నా కారే తెస్తానని పంతం పట్టాను, అందులో చోటు చాలక నిన్ను హోమ్ దగ్గరే ఆపేశాను. మలుపులు ఎంత మెత్తగా తీసుకున్నానో మీకు తెలుసు. వదిన ఒడిలో చేతులు పెట్టుకుని ఒక్క మాట మాట్లాడకుండా కూర్చుంటే, నా మీద నమ్మకం కుదిరింది కదా అని మురిసిపోయాను కూడా. వెనక వాడి తల అద్దానికి తగిలిన మొదటి చప్పుడుతోనే నా గర్వం అణిగిపోయింది. ఆ తర్వాత ఎన్నిసార్లు కొట్టుకున్నాడో. వాణ్ణి దింపేటప్పుడు వదిన తన స్కార్ఫు తీసి వాడి నుదుటికి కట్టిన తీరు ఇంకా నా కళ్ళ ముందే ఉంది.

ఇంకో రెండు ఆదివారాలు చూస్తానని మేట్రన్ నాతో విడిగా చెప్పింది. అప్పటికీ ఇలాగే ఉంటే సోమవారం అడిలైడ్‌కి అంబులెన్స్ ఎక్కిస్తుందట. గొంతులో జాలి ఉంది కానీ మాటలో లేదు.

ఈసారి ఫాల్కనే. నా కారులో చోటు చాలదు, ఒప్పుకున్నాను. అన్నయ్యా, నువ్వు వెనక కూర్చుని వాడి తల పట్టుకో. నేను, వదిన ముందు కూర్చుంటాం.

మీ
నోలా


ఒరూరూ
ఆగస్టు, సోమవారం

ప్రియమైన నోలా,

ఈ ఉత్తరం డల్సీ రాయలేదు. కాగితం మీద అట్టముక్క పెట్టి, దాని అంచు తడుముకుంటూ నేనే రాస్తున్నాను. ఒక వరస మీద ఇంకో వరస ఎక్కితే ఓపిగ్గా విడదీసి చదువుకో. దీనికి జవాబు రాయకు, రాస్తే తనే చదవాలి.

నిన్న వెళ్ళిపోతూ అన్నావు, "సరే అన్నయ్యా, ఫాల్కనే గెలిచింది, సగం దారైనా ఊరుకున్నాడు" అని. ఇన్నేళ్ళుగా నీ నోటి నుంచి ఆ మాట వినాలనుకున్నాను. కానీ అది నిజం కాదమ్మా. కారు చేసిందేమీ లేదు.

నేనా కారులో వెనక కూర్చోవడం నిన్ననే మొదలు. వాడి తల నా ఒళ్ళో ఉంది. పోర్ట్ అగస్టా దాటుతున్నంతసేపూ పళ్ళు పటపటమని కొరుకుతూనే ఉన్నాడు, మెడ నరాలు తాళ్ళలా బిగిసిపోయి ఉన్నాయి. అదే మెత్తటి సీటు, అదే చోటు. కనుమ మొదలవగానే డల్సీ అలవాటు కొద్దీ, "ఎడమకి. ఇంకాస్త. చాలు, ఇప్పుడు నెమ్మది" అంది. నా చేతి కింద వాడి మెడ సడలింది. నువ్వేం అనలేదు. తను చెప్తూ పోయింది, వాడి ఊపిరి మెల్లబడింది. పైన పెద్ద మలుపు దగ్గర నువ్వు, "నాకు కనిపిస్తోంది వదినా" అన్నావు. విసుక్కోలేదు, మామూలుగానే అన్నావు. డల్సీ మాట ఆపేసింది. విల్మింగ్టన్ చేరేలోపు వాడు నా మోకాలికేసి తల బాదుకోవడం మొదలుపెట్టాడు. ఇప్పటికీ మోకాలు కమిలి ఉంది. నువ్వు రోడ్డు చూస్తున్నావు, డల్సీ తన చేతులు చూసుకుంటోంది. నాకు చూసే పని లేదు కాబట్టి తెలిసింది.

మీ వదిన మాటల మనిషి కాదని నీకు తెలుసు. వాడు చిన్నప్పుడు కూడా అన్నం పెట్టింది, బట్టలు కుట్టింది గానీ, పక్కన కూర్చుని కబుర్లు చెప్పింది లేదు. తిరుగు దారిలో నేను ఏదైనా మాట్లాడు డల్సీ అన్నాను, గుర్తుందా? గోధుమ పైరు గురించి ఓ ముక్క, వాన గురించి ఓ ముక్క అని ఆగిపోయింది. ఊరికే మాట్లాడమంటే తనకి నోరు పెగలదు. నాకు దారి కావాలి కాబట్టి ఇన్ని నెలలు ఆగకుండా మాట్లాడింది. వాడు వెనక పడుకుని అది విన్నాడు. నేను సీటనుకున్నాను, స్ప్రింగులనుకున్నాను. నా కొడుక్కి వాళ్ళమ్మ గొంతు కావాలని నాకు తోచలేదు నోలా.

"నీ మాట వల్లే వాడు ఊరుకుంటున్నాడు డల్సీ" అని తనకి చెప్పేద్దామనుకున్నాను. చెప్తే ఇంకేం మాట్లాడుతుంది, భయంతో నోరు కట్టుకుపోతుంది. రాత్రి భోజనం దగ్గర అంది, నోలా వచ్చాక ఇక నాతో పనేముంది, నేను బండికి బరువు తప్ప, వచ్చే ఆదివారం ఇంట్లోనే ఉంటాను అని. మేట్రన్ ఇచ్చిన గడువులో అదే ఆఖరి ఆదివారం.

కాబట్టి నువ్వు శనివారం సాయంత్రానికే వచ్చెయ్. ఆ కనుమంటే నాకు భయంగా ఉంది వదినా, నువ్వు పక్కన లేకపోతే నేను నడపలేను అని డల్సీ ముందు ఏడువు. నీ అంత బాగా ఆ దారి నడిపేవాళ్ళు ఈ జిల్లాలో లేరని నాకు తెలుసు. అయినా ఏడువు. తను ఎడమకి అనేదాకా ఎడమకి తిప్పకు. నెమ్మది అంటే నెమ్మదించు. లారీ వస్తోంది అంటే, అవునా వదినా, ఎక్కడ అని అడుగు. కనిపిస్తోందని మాత్రం అనకు.

నీ అన్నయ్య
హెక్టర్