వానకాలం ఆడ, ఎండాకాలం మగ

జడ్చర్ల, 14 జూలై 2019, ఆదివారం

కోపం దిగకపోతే నిద్ర పట్టదు కనుక రాస్తున్నాను. మా గ్రంథాలయానికి ఏ పుస్తకం తగునో చెప్పే పని నాది. మనవరాలు సరళ తెచ్చిన నవల తగదని ఉదయమే ఉత్తరం రాసిపెట్టాను. అందులో ఏదో గ్రహం. అక్కడి మనుషులు వానకాలం ఆడ, ఎండాకాలం మగ. పేర్లు, వరసలు కూడా కాలంతో పాటే మారిపోతాయి. ఎవరు ఎవరో తెలియక అరవై పేజీల్లో నాలుగుసార్లు వెనక్కి వెళ్ళి, అక్కడితో మూసేశాను. చదివేవాళ్ళను ఇంత తిప్పలు పెట్టడం ఏం రచన?

సరళకు అదే చెప్పాను. అది నవ్వింది.

“అవ్వా, బీరప్ప ఒగ్గుకథ జెప్పే మీసాలాయన కొంగు కప్పుకొని తల్లి లెక్క ఏడుస్తుంటె నువ్వు గూడ ఏడ్సినవ్ గద! గప్పుడు ఆడో మగో అడిగినవా?”

“గది దేవుని కథనే. నోరు ముయ్యి.”

“సగం సదివి తీర్పు జెప్పుమని గూడ దేవుడే జెప్పిండా?”

ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పినదాన్ని. పాఠం చదవకుండా వచ్చిన పిల్లల్ని నేనే నిలబెట్టేదాన్ని.

1. రేపు ఆ ఉత్తరం పంపకూడదు.
2. నవల చివరిదాకా చదవాలి.
3. అప్పుడూ తగదనిపిస్తే, తగదనే రాయాలి.
4. అంతవరకు సరళతో మాట్లాడేది లేదు.