నడుము దగ్గర కొత్త కుట్టు

ఏవండీ, నేను డ్యూటీకి వెళ్తున్నా. అన్నం గిన్నెలో ఉంది, పెరుగైనా కలుపుకుని తినండి. సాయంత్రం మీ అక్కయ్య వస్తుంది. మారుమాట్లాడకుండా ఆవిడతో డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

పొద్దున మీ ప్యాంట్లు ఇస్త్రీ చేస్తుంటే చూశాను. అన్నిటికీ నడుము దగ్గర లోపలికి మడిచి కుట్టేశారు. మీరు చిక్కిపోవడం నా కంట పడకూడదనేగా? టైలరు మొగుడైతే ఇదే సుఖం, రోగానికి కూడా ఫిటింగు చేసి పెడతాడు! నాతో చెప్పడానికి నోరు రాలేదు గానీ, మిషను తొక్కడానికి కాళ్ళు వచ్చాయి.

దగ్గు పట్టుకుని నెల దాటింది. రుమాలుకి నెత్తురు అంటుతోంది. అడిగితే గుడ్డల దుమ్మంటారు. డాక్టరుకి దగ్గూ, నెత్తురూ, చిక్కిపోవడం, అన్నీ చెప్పండి. "కాస్త నలతగా ఉందండీ" అని మందుబిళ్ళతో తిరిగొచ్చారో, ఇక నాతో మాట్లాడకండి.

అన్నట్టు, మడిచిన గుడ్డ కత్తిరించకుండా అలాగే ఉంచారు. మళ్ళీ ఒళ్ళు చేస్తే విప్పుకోవచ్చనేగా? అంత ఆశ ఉన్న మనిషి వెళ్ళాల్సింది డాక్టరు దగ్గరికండీ, మిషను దగ్గరికి కాదు.